రూమ్ నంబర్ 14లో గుగ్గిలం పొగ

మా పిన్ని కూతురు విన్నిపెగ్‌లో మాస్టర్స్ చదువుతోంది. మొన్న వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టింది. యూనివర్సిటీలో ఒక గది తలుపుకి అంటించిన కాగితం. ఈ గదిలో స్మడ్జింగ్ జరుగుతోంది, పొగ వాసన వస్తే కంగారు పడకండి అని దాని సారాంశం. కింద మా చెల్లి కామెంట్: "అన్నియ్యా, ఈళ్లు కూడా మన అమ్మమ్మలాగే ధూపం ఏస్తన్నారు!" పక్కన నవ్వే ఎమోజీలు నాలుగు.

నాకు నవ్వు రాలేదు. ఆ ఫొటో చూడగానే 2012లో మా ఇంటర్ హాస్టల్, రూమ్ నంబర్ 14 గుర్తొచ్చాయి. అక్కడా ఒక రాత్రి పొగ వచ్చింది. తలుపు మీద కాగితం మాత్రం లేదు.

ఆ గదిలో ఆరుగురం ఉండేవాళ్లం. పలాస, నరసన్నపేట, బొబ్బిలి, చీపురుపల్లి... అన్ని వైపుల వాళ్లమూ. ఒకడు సీతంపేట పైన కొండ మీద ఊరు. సవర కుర్రాడు. పదో తరగతిలో మంచి మార్కులొస్తే ఫీజు తగ్గించి తీసుకున్నారు. లెక్కల్లో మా అందరికంటే ముందుండేవాడు. మాట తక్కువ. వాడి ట్రంకు పెట్టెలో చిన్న గుడ్డ మూట ఒకటి ఉండేది. అందులో గుగ్గిలం ముక్కలు. "ఎందుకురా ఇవి?" అంటే, "మా ముసలమ్మ పెట్టింది" అనేవాడు. ముసలమ్మ అంటే నాయనమ్మ.

గుగ్గిలం అంటే తెలియని వాళ్లకి ఒక మాట. కిరాణా కొట్లో పసుపు, కుంకుమ పక్కన చిన్న పొట్లాల్లో అమ్ముతారే, నిప్పు మీద వేస్తే తెల్లటి పొగ వస్తుంది, అదే. సాల వృక్షం బంక. మన ఉత్తరాంధ్ర కొండల్లో ఆ చెట్టు పెరుగుతుంది, దాన్నే గుగ్గిలం చెట్టు అంటారు. మానుకి గాటు పెడితే బంక కారి గట్టిపడుతుంది. మనం ఇంట్లో వాడే సాంబ్రాణి ఇది కాదు. అది వేరే చెట్టుది, సుమత్రా లాంటి చోట్ల నుంచి ఓడలెక్కి వచ్చేది. అంటే పరదేశం నుంచి వచ్చిన పొగేమో మన పూజగదిలో కూర్చుంది, మన కొండ మీద పొగేమో ట్రంకు పెట్టె అడుగున దాక్కుంది. ఇప్పుడైతే సాంబ్రాణి కూడా "కంప్యూటర్ సాంబ్రాణి" అయిపోయిందనుకోండి. దానికీ కంప్యూటర్‌కీ ఏం సంబంధమో నాకిప్పటికీ అర్థం కాలేదు.

దసరా సెలవులకి ముందు, క్వార్టర్లీ పరీక్షల రోజులు. ఒక సాయంత్రం ఆఫీసు రూముకి ఫోనొచ్చింది. వాడి నాయనమ్మ పోయింది. వాడు వెళ్తానన్నాడు. సోమవారం ఫిజిక్స్ ఉంది, మీ నాన్నా బాబాయిలూ ఉన్నారు కదా, నువ్వెళ్లి చేసేదేముంది అన్నారు. ఇంటి నుంచి ఎవరైనా వచ్చి సంతకం పెడితే పంపిస్తామన్నారు. శవం పక్కన కూర్చున్న మనిషి కొండ దిగి, బస్సెక్కి, హాస్టల్‌కొచ్చి సంతకం పెట్టాలన్నమాట.

స్టడీ అవర్లో నా పక్కన కూర్చుని వాడు మెల్లిగా చెప్పాడు. "రాత్రి కొంచెం పొగెడతాను. నువ్వు లెగకు."

"ఎందుకురా?"

"మా ముసలమ్మ నన్ను ఎతుక్కుంటాది. నాను ఇంటికాడ లేనని ఆవిడికి తెలీదు కదా. పొగెడితే దారి తెలుస్తాది."

సరే అన్నాను. పదహారేళ్ల వయసులో నాకు అది వింతగా అనిపించలేదు. నిజానికి మీక్కూడా వింతగా అనిపించకూడదు. మనింట్లో పసిబిడ్డకి తలంటు పోశాక ఏం చేస్తారు? నిప్పుల మీద సాంబ్రాణి వేసి, బిడ్డని ఆ పొగ మీద అటూ ఇటూ తిప్పుతారు. శుక్రవారం సందెవేళ అమ్మ ప్రతి గదికీ పొగ తిప్పుతుంది, బీరువా వెనక్కి కూడా. విజయనగరంలో పైడితల్లి పండగ రోజుల్లో ఇంటింటా ధూపం వాసనే. ఊళ్లో అమ్మవారి గుడి దగ్గర ధూపం లేకుండా ఘటం కదలదు. హారతిస్తే రెండు చేతులూ పొగ మీద పెట్టి కళ్లకద్దుకుంటాం. దీన్నంతటినీ మనం పద్ధతి అంటాం, సంప్రదాయం అంటాం. ఇంకెవరైనా చేస్తే దానికి వేరే పేరు పెడతాం.

ఆ రాత్రి వాడు మెస్ పొయ్యిలోంచి నాలుగు బొగ్గులు ఒక స్టీలు మూతలో తెచ్చుకున్నాడు. కిటికీ దగ్గర గొంతుకు కూర్చుని గుగ్గిలం వేశాడు. సవర భాషలో ఏదో మాట్లాడాడు. అది మంత్రంలా లేదు. ఫోన్లో ఇంటికి మాట్లాడుతున్నట్టు ఉంది, మధ్యలో ఆగి మళ్లీ మాట్లాడుతున్నాడు. నేను కళ్లు మూసుకుని వింటున్నాను. ఒక్క ముక్క అర్థం కాలేదు.

పొగ పైకెళ్లి ఫ్యాను కింద తిరిగింది. పక్క మంచం వాడు దగ్గుతూ లేచాడు. చీకట్లో నిప్పు, పొగ, తెలియని భాష. "చేతబడి చేస్తన్నాడ్రా!" అని కేకేశాడు. రెండు నిమిషాల్లో ఫ్లోరంతా మా గుమ్మం ముందు ఉంది. వార్డెన్ వచ్చాడు. ఆయన గదిలో రోజూ రెండు పూటలా అగరొత్తులు వెలుగుతాయి, ఆ సంగతి అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు. గుగ్గిలం మూట తీసి మెస్ వెనక చెత్తలో పారేయించాడు. తర్వాత నా వైపు తిరిగి అడిగాడు. "నీ పక్క మంచమే కదా. ముందే తెలుసా నీకు?"

"తెలీదు సార్" అన్నాను.

తర్వాత కథ చిన్నదే. క్షమాపణ కాగితం రాయించారు. వాడి మంచం పక్కన పడుకునేవాడు వేరే గదికి మారాడు. మెస్‌లో వాడు కూర్చున్న బల్ల దగ్గర రెండు కుర్చీలు ఖాళీగా ఉండేవి. ఎవరికైనా జ్వరమొస్తే వాడి వైపు చూసేవాళ్లు. దసరాకి వెళ్లినవాడు మళ్లీ రాలేదు. ట్రంకు పెట్టె కోసం వాళ్ల నాన్న వచ్చాడు. ఆయన మా ఎవరినీ ఏమీ అనలేదు.

ఇక విన్నిపెగ్ సంగతి. చెల్లి ఫొటో చూశాక ఈ స్మడ్జింగ్ గురించి కూర్చుని చదివాను. ఉత్తర అమెరికా మూలవాసుల్లో క్రీ, ఒజిబ్వే లాంటి చాలా జాతులు చేసే కర్మ ఇది (అన్ని జాతులూ చేస్తాయని కాదు). సేజ్ ఆకు, దేవదారు లాంటి సీడర్ ఆకు, తీపి వాసనొచ్చే ఒక గడ్డి, పొగాకు, ఈ నాలుగూ వాళ్లకి పవిత్రమైన మూలికలు. ఒక ఆల్చిప్పలోనో మట్టిపాత్రలోనో వీటిని రాజేసి, ఈకతో విసురుతారు. వచ్చిన పొగని చేతుల్తో నీళ్లు తీసుకున్నట్టు తీసుకుని తల మీదికి, కళ్లకి, చెవులకి, నోటికి, గుండెకి పూసుకుంటారు. మంచి చూడాలి, మంచి వినాలి, మంచి మాట్లాడాలి అని. పరీక్ష ముందు చేసుకునే స్టూడెంట్లున్నారు. ఇంటి నుంచి చావు కబురొచ్చినప్పుడు చేసుకునేవాళ్లున్నారు. అక్కడ చాలా యూనివర్సిటీల్లో దీనికి రాసిపెట్టిన నియమాలున్నాయి. ముందు చెప్తే మెయింటెనెన్స్ వాళ్లొచ్చి ఆ గదిలో స్మోక్ డిటెక్టర్ సంగతి చూస్తారు, తలుపు మీద నోటీసు పెడతారు.

అక్కడి వాళ్లు పుట్టుకతోనే మంచివాళ్లు కాబట్టి ఇదంతా జరిగిందనుకోకండి. కెనడా ప్రభుత్వం 1885 నుంచి 1951 దాకా మూలవాసుల కర్మల్లో ముఖ్యమైన వాటిని చట్టం పెట్టి మరీ నిషేధించింది. పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకెళ్లి చర్చిలు నడిపే రెసిడెన్షియల్ స్కూళ్లలో పెట్టింది. లక్షా యాభై వేలమందికి పైగా పిల్లలు. జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, సొంత భాషలో మాట్లాడితే కొట్టారు. చాలామంది ఇంటికి తిరిగి రానే లేదు. దీని మీద వేసిన ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ కమిషన్ 2015లో 94 సిఫార్సులతో రిపోర్టిచ్చింది. అంటే తలుపు మీద ఆ చిన్న కాగితం వెనక వందేళ్ల ఏడుపుంది. హాస్టల్ అనేదాన్నే ఆయుధంగా వాడిన దేశం, ఇప్పుడు హాస్టల్లో పొగకి చోటిస్తోంది.

అక్కడా గొడవలు రాకపోలేదు. బ్రిటిష్ కొలంబియాలో పోర్ట్ అల్బెర్నీ అనే ఊళ్లో, 2015లో, ఒక స్కూల్లో మూలవాసి పెద్దావిడొకరు వచ్చి తరగతిలో స్మడ్జింగ్ చేసి చూపించారు. ఒక క్రైస్తవ తల్లి కోర్టుకెళ్లింది, మా పిల్లల మతస్వేచ్ఛకి భంగం అని. 2020 జనవరిలో కోర్టు కేసు కొట్టేసింది. పక్కవాళ్ల సంస్కృతిని చూపించడం వేరు, పిల్లల చేత ఆ పూజ చేయించడం వేరు అన్నది తీర్పు సారం. 2022లో అప్పీలూ పోయింది. నాకు ఆ తల్లి మీద కోపం లేదు. ఆవిడ అడిగింది అడగాల్సిన ప్రశ్నే. దానికి కోర్టులో కూర్చుని నాలుగు పక్కలా విని జవాబు చెప్పారు. మా రూమ్ 14లో ప్రశ్న అడిగినవాళ్లు లేరు, కేక వేసినవాళ్లే ఉన్నారు.

దగ్గుతూ లేచాడని చెప్పానే, వాడికి నిజంగానే ఆయాసం ఉండేది. పొగ పవిత్రమైనదైనా ఊపిరితిత్తులకి పొగే. ఆరుగురు పడుకునే గదిలో, కిటికీ సగం మూసుకుని, బొగ్గులు రాజేయడం మంచి పని కాదు, దుప్పటి అంటుకుంటే ఇంకా ప్రమాదం. కానీ దానికి కావాల్సిందేమిటి? మేడ మీద ఒక మూల, ఒక బకెట్ ఇసుక, అరగంట టైము. లేదా మూడు రోజుల సెలవు. అసలు వాణ్ని ఇంటికి పంపి ఉంటే ఆ పొగ కొండ మీద, వాళ్ల వాకిట్లోనే లేచేది.

వాడు మాట్లాడింది ఎవరితోనో నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. సవరల పాత పద్ధతిలో చనిపోయినవాళ్లు ఎక్కడికో వెళ్లిపోరు. వాళ్లని సోనుం అంటారు. బతికున్నవాళ్లు వాళ్లతో మాట్లాడతారు, పోట్లాడతారు, ఎందుకు వదిలేసిపోయావని ఏడుస్తారు, అప్పు సంగతులు కూడా తేల్చుకుంటారు. పీర్స్ విటెబ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త ఒడిశా వైపు సవర ఊళ్లలో ఏళ్ల తరబడి ఉండి ఈ సంభాషణల మీద 1993లో ఒక పుస్తకం వేశాడు. అంతకుముందు 1955లో వెరియర్ ఎల్విన్ సవరల మతం మీద పెద్ద గ్రంథమే రాశాడు. ఎక్కడెక్కడి నుంచో సముద్రాలు దాటొచ్చినవాళ్లు కూర్చుని విన్న మాటలవి. పక్క మంచం మీదున్న మేం "చేతబడి" అన్నాం.

అంత దూరం ఎందుకు, మన గిడుగు రామమూర్తి గారున్నారు. ఆగస్టు 29న అందరం తెలుగు భాషా దినోత్సవం అని స్టేటస్ పెట్టుకుంటాం కదా, ఆయన పుట్టినరోజది. ఆయన పర్లాకిమిడిలో మాస్టారుగా ఉండి సవర నేర్చుకున్నారు. సవర కుర్రాణ్ణి ఇంట్లో పెట్టుకుని మరీ నేర్చుకున్నారు. సవర పిల్లలకి బడులు పెట్టారు, వ్యాకరణం రాశారు, నిఘంటువు చేశారు. మన శ్రీకాకుళం పెద్దాయన వందేళ్ల కిందట చేసిన పని అది. మా హాస్టల్ గోడ మీద ఆయన ఫొటో కూడా ఉండేది. ఆ ఫొటో కింద నిలబెట్టే వాడి చేత క్షమాపణ కాగితం రాయించారు.

ఇంకో తమాషా. ఇప్పుడు ఇన్‌స్టా తెరిస్తే "స్మడ్జ్ స్టిక్" రీల్స్ వస్తున్నాయి. తెల్ల సేజ్ ఆకు కట్టలు. గదిలో నెగిటివ్ ఎనర్జీ పోతుందట, ఎగ్జామ్ స్ట్రెస్ తగ్గుతుందట. ఆన్‌లైన్‌లో వందలకి వందలు పెట్టి తెప్పించుకుంటున్నారు మనవాళ్లు. ఆ ఆకుని అమ్మకాల కోసం అడ్డగోలుగా కోసేస్తున్నారని అక్కడి మూలవాసులు మొత్తుకుంటున్నారు. 2018లో ఒక కంపెనీ సేజ్ కట్టా, టారో కార్డులూ కలిపి "విచ్ కిట్" అని అమ్మబోతే తిట్లు తిని వెనక్కి తీసుకుంది. నా స్నేహితుడొకడు హైదరాబాద్ పీజీలో ఈ సేజ్ కట్ట వెలిగించి స్టోరీ పెట్టాడు. లైకులే లైకులు. వాడు కూడా రూమ్ నంబర్ 14 వాడే. ఆ రాత్రి కేకేసింది వాడు కాదు గానీ, గుమ్మం ముందు గుంపులో ఉన్నాడు. స్టోరీకి రిప్లయ్‌గా "గుగ్గిలం అయితే చేతబడా?" అని పెట్టాను. చూశాడు. జవాబివ్వలేదు.

మూడు వారాల కిందట, సీతంపేటలో టీచర్‌గా పనిచేస్తున్న తెలిసినాయన ద్వారా వాడి నంబర్ దొరికింది. రెండు రోజులు ఫోన్ చేతిలో పట్టుకుని చేయలేదు. చివరికి ఆదివారం చేశాను. పేరు చెప్పగానే గుర్తుపట్టాడు. ఇంటర్ తర్వాత ఓపెన్‌లో పూర్తి చేశాడట. సీతంపేట, పాలకొండ మధ్య ఆటో నడుపుతున్నాడు. ఒక కూతురు. ఇప్పుడు వాళ్లది పార్వతీపురం మన్యం జిల్లా అయింది, 2022 నుంచి. "జిల్లా మారింది గానీ రోడ్డు మారలేదు" అని నవ్వాడు. కబుర్లు అయిపోయాయి. ఇద్దరం ఆగాం.

"ఆ రోజు వార్డెన్ అడిగితే తెలీదన్నాను రా" అన్నాను.

"తెలుసు. తలుపుకాడే ఉన్నాను కదా."

నాకేం మాట్లాడాలో తెలియలేదు. వాడే మాట్లాడాడు. ఆ రాత్రి ముసలమ్మకి ఏం చెప్పాడో చెప్పాడు. తాను పెద్ద రోడ్డు పక్కన మేడ మీద రెండో అంతస్తులో ఉన్నానని, కింద కుక్కలుంటాయి భయపడొద్దని, సోమవారం పరీక్ష అయ్యాక వస్తానని. ఇంకా సగం చెప్పాల్సి ఉండగా లైట్లు వేసేశారట. మిగతాది దసరాకి వెళ్లాక చెప్పాడట, ఇంటి దగ్గర, వాళ్ల అమ్మ పొగ వేస్తే.

"మీ పాపకి ఇవన్నీ నేర్పిస్తున్నావా?" అనడిగాను. కొంచెం ఆలోచించాడు. వాళ్ల ఊళ్లో సగం ఇళ్లు చర్చికి వెళ్తున్నాయట, వాళ్ల తమ్ముడితో సహా. పొగ వేసే ముసలివాళ్లు ఇద్దరో ముగ్గురో మిగిలారట. "పాప అడిగితే చెప్తాను. దానికి వాసన ఇష్టం" అన్నాడు. పాపని వచ్చే ఏడాది ఏ స్కూల్లో వేయాలా అని ఆలోచిస్తున్నాడట. హాస్టల్‌లో మాత్రం వేయనన్నాడు. ఇంగ్లీషు మీడియం, మంచి స్కూలు, ఫీజు కట్టలేకపోతే హాస్టలే గతి అని వాళ్లావిడ పోరుతోందట. ఇంట్లో రోజూ అదే గొడవట.

నేను సలహా ఏమీ ఇవ్వలేదు. అడగను కూడా లేదు వాడు.

ఫోన్ పెట్టేసే ముందు కందికొత్తల పండక్కి రమ్మన్నాడు. కొత్త కందులు పెద్దలకి పెట్టకుండా వాళ్లు నోట్లో వేసుకోరు, ఆ పండగది. వచ్చేటప్పుడు ఏం తేవాలి అన్నాను.

"ఏటీ తేవద్దు. రెండ్రోజులు సెలవెట్టుకుని రా. ఒక్క పూటలో ఎల్లిపోతానంటే మా అమ్మ ఊరుకోదు."